ఎవరును చూడనిచోట చేసిన పని



నేడు నేను మీకు మనవి చేయదలచినది మన గోదావరి ఆనకట్ట చరిత్రలోని ఒక విషయము. ఈ మాట వినగానే మీలో కొందరు, “కాటన్ దొర కథయే కదా! మా యూరి కాలువగట్టు మీదనే ఆయన విగ్రహమున్నది. మాకు తెలియని దేమున్నది?” అని యనుకొనవచ్చును. నిజమే. గోదావరి సీమలో ఆయన పేరు వినని యిల్లు లేదు. కనుక ఆయనను స్తుతించుట నా యుద్దేశము కాదు. ఆ పనిలో పాలుపంచుకొనినవారు దానిని ఏ మనస్సుతో చేసిరి? వారు నమ్మిన దేవునికిని, వారి చేతిలోని తాపీకిని, కొలబద్దకును గల సంబంధ మెట్టిది? ఇది మాత్రమే నేటి ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకములవలన కలుగలేదు. నేను చేసిన తప్పువలన కలిగినది. దానిని ముందుగా చెప్పుకొనుట న్యాయము.

నలుబది యేండ్ల క్రిందటి మాట. అది దాళ్వా కాలము. కాలువలో నీరు తక్కువగుటచే మా యూర వంతులు పెట్టుకొంటిమి. మూడు రాత్రులు శివారు పొలములకు నీరు పోవలెను. ఎగువ తూముల నెవరును తెరువకుండ బోదెగట్టు మీద కాపలా యుండుటకు పడుచువాండ్రను నియమించిరి. రెండవ రాత్రి వంతు నాది. అర్ధరాత్రి వఱకు తిరిగితిని. తరువాత, ఎవరు చూడవచ్చెదరులే యని గడ్డిమేటు ప్రక్కను పండుకొంటిని. తెల్లవారి చూచునప్పటికి ఎగువనున్న ఒక తూము బార్లా తెరచి యుండెను. దిగువ బోదెలో బురద మాత్రమే మిగిలెను. శివారున ఒక ముసలమ్మకు ఎకరమున్నర చేను కలదు. వరి పొట్టమీద నుండెను. మరల వంతు వచ్చునప్పటికి ఆ చేను సగము తాలుపోయెను. ఆమె నన్ను నిందింపలేదు. “బాబూ, రాత్రి చలి యెక్కువగా నున్నదా?” అని మాత్ర మడిగెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

బోదె కాపలా చిన్నపని. దానికి బిరుదు లేదు, జీతము లేదు. చూచువారు లేరు గనుక నేను నిద్రించితిని. అటుపిమ్మట ధవళేశ్వరము పోయినప్పుడెల్ల నాకు తోచుచుండెడి దేమనగా, ఈ ఆనకట్ట పునాదిలో నీటి క్రిందను, ఇసుక క్రిందను ఎన్నివేల రాళ్ళు పరచిరో, వానిలో ఒక్కటియు నేడు కంటికి కానరాదు. పరచిన మనుష్యుడు తన్నెవ్వరు చూచుచున్నారని సరిగా పరచెను? ఈ యాలోచనతోనే నేను ఆ చరిత్రను చదివితిని.

ఆనకట్టకు ముందు మన సీమ యెట్లుండెనో కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొందము. నాసిక దగ్గరి త్ర్యంబకమున పుట్టి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి వచ్చు మహానది మన పొలముల ప్రక్కనుండియే సముద్రములో కలియుచుండెను. వరదవచ్చిన యేట ఊళ్ళు మునిగెడివి. వానలు తప్పిన యేట నది యొడ్డుననే చేలు ఎండెడివి. 1832-33 సంవత్సరములలో నందన కరవు వచ్చెను. 1839 నవంబరులో కోరంగి తీరమున పెనుతుపాను ఉప్పెనతో వచ్చి ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టెను. నాటి లెక్కలనుబట్టి రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో 7 లక్షల 38 వేలకు పైగా నుండెను. 1841 నాటికి అది 5 లక్షల 61 వేలకు దిగిపోయెను. ఇరువది యేండ్లలో ఇంచుమించు నలుగురియందొకరు చచ్చియో, వలసపోయియో యుందురన్నమాట. జిల్లా దుస్థితిని విచారించుటకు వచ్చిన సర్ హెన్రీ మాంట్‌గోమరీ 1844లో ప్రభుత్వమునకు నివేదిక వ్రాసి, నీటివసతి కల్పించినగాని ఈ జిల్లా బాగుపడదని తెలియజేసెను. ఆ పని పరిశీలించుటకు వచ్చినవాడే ఆర్థర్ కాటన్.

ఆర్థర్ కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. పదునెనిమిది యేండ్ల ప్రాయమున, 1821లో, మద్రాసు ఇంజనీరుగా మన దేశమునకు వచ్చెను. తంజావూరు సీమలో కొల్లడమునకు అడ్డముగా 1836 నాటికి ఆనకట్టలు కట్టించెను. యౌవనముననే ఆయనకు క్రైస్తవ విశ్వాసము గాఢముగా కుదిరినది. ఆ విశ్వాసము ఆదివారమునాడు దేవాలయమున పాడి, సోమవారము మఱచునట్టిది కాదు. తనకు దేవుడిచ్చిన విద్య నీటివిద్య. ఆ నీటిని ఆకలిగొన్నవాని పొలమునకు చేర్చుటయే తనకు నియమింపబడిన సేవ యని ఆయన నమ్మెను. కరవులను గూర్చి ఆయన జీవితాంతము వ్రాసినదంతయు ఈ నమ్మకమునుండి పుట్టినదే.

ఇక్కడ క్రైస్తవుల గ్రంథములోని ఒక సంగతి చెప్పవలెను. పౌలు అను అపొస్తలుడు కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో పనిని గూర్చి ఒక బుద్ధి చెప్పినాడు. యజమానుని కన్ను తమమీద నున్నప్పుడే పాటుపడుట చాలదనియు, ఏ పనియైనను దేవునికే చేయుచున్నట్లు నిండు మనస్సుతో చేయవలెననియు దాని తాత్పర్యము. దీనిలో గమనింపదగిన దేమనగా, ఆ బుద్ధి రాజులకు చెప్పినది కాదు. గురువులకు చెప్పినది కాదు. ఇతరుల యిండ్ల ఊడిగము చేయు దాసులకు చెప్పినది. అనగా దైవసేవకు ప్రత్యేకమైన పని వెదకికొననక్కరలేదు. చేతిలోనున్న పనియే దానికి చాలును. మన పెద్దలు గీత చదివి, ఫలము నాశింపక చేయు కర్మ పూజతో సమానమని చెప్పుకొనుచుండెడివారు. దారులు వేఱు, కాని రెండు దారులును పని దగ్గఱనే కలియుచున్నవి.

ఇట్టి మనస్సుతో చేసిన పని యెట్లుండును? మొదట, అది ఓపికగా నుండును. కాటన్ రాగానే రాయి వేయింపలేదు. నదిని, లంకలను, పల్లపు భూములను పరిశీలించి, మట్టములు చూచి, 1844లో ఒక నివేదికయు, 1845లో మఱియొక నివేదికయు పంపెను. దేశమంతయు ఏ వైపునకు ఎన్ని యడుగులు వాలియున్నదో, ఏ కాలువ ఏ గట్టు మీదుగా పోయిన నీరు తనంతట తాను పాఱునో తేల్చుట విసుగు పుట్టించు పని. కాని కాలువ మట్టము ఒక్కచోట తప్పినచో దాని దిగువనున్న ఊళ్ళన్నియు తరతరములు ఆ తప్పు ననుభవింపవలసి యుండును.

రెండవది, అట్టి పనివానికి గర్వ ముండదు. నదిగర్భమున ఎంతలోతు త్రవ్వినను ఇసుకయే. ఇసుకమీద కట్టడము నిలుచునా యని సందేహము. దానికి సమాధానము కాటనుకు కావేరిమీద దొరికెను. కరికాల చోళుడు కట్టించెనని ప్రసిద్ధమైన కల్లణై యను ప్రాచీనపు ఆనకట్ట అచ్చట కలదు. బరువైన రాళ్ళను ఇసుకలో దింపి, అవి క్రుంగినకొలది మఱల వేయుచు, అవి కదలక నిలిచిన తరువాత పైని కట్టు పద్ధతిని ఆ చోళ శిల్పుల పనినుండి ఆయన నేర్చుకొనెను. ఆ సంగతిని దాచుకొనలేదు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలుపు విద్య ఈ దేశస్థులనుండియే మేము నేర్చితిమని వ్రాసియుంచెను. పాలించు జాతివాడు పాలింపబడు జాతివాని దగ్గఱ నేర్చితినని చెప్పుకొనుట ఆ దినములలో తేలిక కాదు.

కంపెనీ డైరెక్టరులు 1846లో అనుమతి నిచ్చిరి. 1847లో పని ప్రారంభమయ్యెను. నది అచ్చట లంకలచే నాలుగు పాయలుగా చీలియున్నది. కావున ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టవలసి వచ్చెను. ధవళేశ్వరపు కొండనుండి రాయి కొట్టి తెచ్చిరి. వరద తీసిన తరువాతనే పని. మఱల ఆషాఢమాసపు ఎఱ్ఱనీరు వచ్చులోపల ఆ యేటి పని వరదకు నిలుచునట్లు ముగింపవలెను. ఒక్కచోట రాయి వదులుగానున్న దానిని నది వెదకికొని వచ్చును. నదిని మోసపుచ్చుట యెవరికిని సాధ్యము కాదు గదా!

1848లో ఎండదెబ్బలకును పనిభారమునకును కాటన్ ఆరోగ్యము చెడిపోయి, దూరదేశమునకు పోవలసి వచ్చెను. అప్పుడు కెప్టెన్ ఓర్ అను ఇంజనీరు పని నడిపెను. 1850లో కాటన్ తిరిగివచ్చెను. 1852లో ఆనకట్ట ముఖ్యముగా పూర్తియయ్యెను. మనము నేడు కాటన్ పేరే తలచెదముగాని, ఆ రెండు వరదకాలములు రాళ్ళకు కాపున్న ఓర్ పేరు ఎందఱికి తెలియును? తెలియదనియే ఆతని పనిలో లోపము రాలేదు.

అట్లే మనవారిలో వీణెము వీరన్నగారు. రాజమహేంద్రవరమువారు, బ్రాహ్మణులు. నీటిపారుదల శాఖలో ఉద్యోగియై, ఆనకట్ట పనికి వేలకొలది కూలీలను సమకూర్చి, వారిని నడిపి, పనికి కుడిభుజమై నిలిచిరి. ఆయన సాయము లేనిది ఈ పని జరుగదని కాటన్ అంగీకరించిరి. ఆయనకు రాయబహద్దరు బిరుదు లభించినది. కాటన్ క్రైస్తవుడు, వీరన్నగారు నిష్ఠగల హిందువు. ఒకరి దేవుని పేరు మఱియొకరు మార్చలేదు. ఇద్దఱును ఒకే గట్టుమీద నిలిచి, ఒకే నదిని చూచుచు, ఒకే తీరున పని చేసిరి. నిండు మనస్సు ఒక్క మతమువారి సొత్తు కాదనుటకు ఇంతకన్న మంచి నిదర్శనము మన సీమలో దొరకదు.

ఇంక పేరులేని వేలమంది. రాయి కొట్టినవారు, ఇసుక తోడినవారు, సున్నము నూఱినవారు, తట్ట మోసిన స్త్రీలు. వారిలో ఎక్కువమంది పొట్టకూటికై వచ్చిన బీదలు. వారందఱును దైవసేవ యని తలచి తట్ట మోసిరని నేను చెప్పుట అబద్ధమగును; ఆకలిచే మోసిరి. కాని ఒకటి నిజము. వారి పనిని వారు గట్టిగా చేసిరి. లేనియెడల ఆ కట్టడము నూటయిరువది యేండ్లకు పైగా నిలిచియుండదు. వారి పేర్లు ఏ రాతిమీదను లేవు. వారి చేతిపని ప్రతి పొలమునందును ఉన్నది.

ఆ కూలీలలో సువార్త చెప్పుటకు వచ్చిన యిద్దఱిని గూర్చి ఇప్పుడు చెప్పెదను. వీరి పేర్లు విలియం బౌడెన్, జార్జి బీర్. ఇంగ్లండులో బార్న్‌స్టేపుల్ అను చిన్నపట్టణమువారు. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనునాతని పిలుపు విని 1836లో భార్యలతోగూడ ఈ దేశమునకు వచ్చి, పిదప నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల స్థిరపడిరి. వీరు పండితులు కారు, దొరలు కారు. బౌడెన్ రాళ్ళపని చేయు తాపీవాడు. బీర్ చెప్పులు కుట్టువాడు. ఏ సంఘమునుండియు వారికి నిర్ణీతమైన జీతము లేదు. ఆనకట్ట కట్టు దినములలో వీరు ధవళేశ్వరమునకు వచ్చి కూలీలతో మాటలాడిరి. అట్లు విన్నవారిలో కొందఱు తమ యూళ్ళకు తిరిగిపోయిన తరువాత ఆ మాటలు ఈ సీమ మాలపల్లెలలో వ్యాపించెను. బీర్ 1853లో మరణించెను. బౌడెన్ 1876 వఱకు, అనగా నలువది యేండ్లు, ఇచ్చటనే పాటుపడెను. వీరి మతబోధను మీరు అంగీకరింతురా లేదా యనునది వేఱుమాట. నేను చూచునది మఱియొకటి. చెప్పులు కుట్టువానిని ఊరిబయట నుంచిన మన సమాజములోనికి, చెప్పులు కుట్టువాడే గురువై వచ్చి, చేతిపని దేవునికి దూరము కాదని తన బ్రతుకుచే చూపెను. అది కొందఱికి ఊరటయయ్యెను. కొందఱికి కష్టముగా తోచెను.

చెప్పుల మాట వచ్చినది గనుక పరదేశపు కథ యొకటి చెప్పి మఱల మన యూరికి వచ్చెదను. 17వ శతాబ్దమున ఫ్రాన్సుదేశములో, పారిసు నగరమందలి ఒక మఠమున లారెన్సు అను సోదరుడుండెను. చదువు తక్కువ, కుంటివాడు. ఆతనికి మఠపు వంటయింటి పని అప్పగించిరి. ఏండ్ల తరబడి వంటచేసి, వయస్సు మీఱిన తరువాత సన్న్యాసుల చెప్పులు బాగుచేయుచు 1691లో మరణించెను. ఆతడు చెప్పిన దొక్కటే: ప్రార్థనకు ఒక వేళ, పనికి ఒక వేళ యని నాకు భేదము లేదు, గిన్నెలు కడుగునప్పుడును నేను దేవుని సన్నిధిలోనే యున్నాను. ఆతని మరణానంతరము ఆ మాటలు పుస్తకమై లోకమంతట వ్యాపించెను. వంటవాని మాటలు గదా యని ఎవరును త్రోసివేయలేదు.

వంటయింటిలో దేవుని చూచిన మనుష్యులు మన సీమలోను లేకపోలేదు. దీనికి గన్నవరము సాక్షి. ఆనకట్ట పూర్తియగు కాలముననే, నది పాయకు ఆవలనున్న నగరపు లంకకు కాలువనీరు పంపుటకై హేగ్ అను యువక సైనిక ఇంజనీరు గన్నవరము దగ్గఱ పాయమీదుగా ఒక అక్విడక్టు కట్టెను. క్రింద నది, పైన కాలువ. నలుబది యడుగుల వెడల్పుగల నలుబదితొమ్మిది ఖానాలు. వరదకు వరదకు నడుమ దొరకిన కొద్ది మాసములలో ఆ పని జరిగినది. ఈ హేగ్ కూడ గాఢమైన క్రైస్తవ విశ్వాసి. తరువాత ఎగువ గోదావరిపై దుమ్ముగూడెమున పనిచేయుచు, అడవిలోని కోయల యవస్థ చూచి, వారికొఱకు 1860లో ఒక మిషను ఏర్పడుటకు కారకుడయ్యెను.

ఆ గన్నవరమునందే డొక్కా సీతమ్మగారు కాపురముండిరి. 1841లో జన్మించి 1909లో పరమపదించిరి. లంకలు దాటి వచ్చు బాటసారి ఏ వేళ వచ్చినను, ఏ కులమువాడైనను, వానికి అన్నము వడ్డించిరి. వరదలో నడిలంకలో చిక్కినవారికి పడవమీద అన్నము పంపిరని ఈ సీమవారు నేటికిని చెప్పుకొందురు. ఆమె కీర్తి ఇంగ్లండు చక్రవర్తి ఏడ్వర్డు వఱకు పోయినది. కాని ఆమె చేసిన పని యేమి? ప్రతిదినమును మన యిండ్ల తల్లులు చేయు పనియే. బియ్యము కడుగుట, పొయ్యి యూదుట, విస్తరి వేయుట. ఆమె దానిని అతిథియందు దేవుని చూచుచు చేసిరి. పాతబడిన హేగ్ అక్విడక్టు ప్రక్కన క్రొత్తది కట్టి 2000 సంవత్సరమున ప్రారంభించినప్పుడు దానికి డొక్కా సీతమ్మగారి పేరే పెట్టిరి. ఇంజనీరు కట్టిన వంతెనకు వారసురాలు అన్నము వండిన యిల్లాలు! ఇది సరియైన వారసత్వమని నా మనవి. నీటిని పొలమునకు చేర్చినవాడును, అన్నమును ఆకటివానికి చేర్చిన తల్లియు ఒక్క పనిలోని రెండు కొసలు పట్టుకొనినవారే.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. “ఆనకట్ట కట్టించినది కంపెనీ ప్రభుత్వము, పన్నులు పెరుగుటకే కట్టించిరి, దీనిలో సేవ యెక్కడిది?” అని. ఆక్షేపణలో నిజమున్నది. శిస్తు తగ్గిపోవుచుండుటయే కంపెనీవారిని కదలించినది. ఆనకట్టవలన వారికి పుష్కలముగా ఆదాయము వచ్చినది. కరవులో జనులు చచ్చుచుండగా ఏండ్ల తరబడి ఊరకుండినవారిని ధర్మాత్ములని నేను చెప్పజాలను. కాటన్ కూడ వారిని విడిచిపెట్టలేదు. రైళ్ళకు కోట్లు కుమ్మరించి నీటికి చేయి ముడుచుచున్నారని ముసలితనము వఱకు వాదించెను. 1876-78 నాటి మహాకరవు పిమ్మట, 1878లో, పార్లమెంటు విచారణసంఘము ముందు నిలిచి, హేళనలకు ఓర్చి అదే మాట చెప్పెను. యజమానుని యుద్దేశము ఒకటి, పనివాని యుద్దేశము ఒకటి కావచ్చును. మన యజమాను లెట్టివారో ఎన్నుకొను భాగ్యము మన కెల్లప్పుడు ఉండదు. చేతిలోని పని ఎవరికొఱకు చేయుచున్నామో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము మాత్రము దాసునకు గూడ కలదు. పౌలు దాసులకు చెప్పినదియు అదియే.

కాటన్ 1899 జూలై 24వ తేదీన, తొంబదియారవ యేట, డోర్కింగ్ పట్టణమున మరణించెను. కడపటి యేండ్లలో కూడ ఇంటి తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించి, పైరు ఎక్కువ వచ్చునా యని పరీక్షించుచుండెను. మహానదిని కట్టినవానికి పెరటిమడి తక్కువగా తోపలేదు. మన పండితులు గోదావరీ స్నానవేళ ఆయనను భగీరథునిగా స్మరించుటకు శ్లోకము చెప్పుకొనిరి.

అయితే పెద్దలారా, ఆనకట్ట ఒక్కసారి కట్టి విడుచునది కాదు. పాత ఆనకట్ట పాతబడగా 1970లో ఆరంభించి 1982 నాటికి క్రొత్త బ్యారేజి కట్టిరి. దానికి కాటన్ పేరే పెట్టిరి. 1986 ఆగస్టులో మహావరద వచ్చి, ఏటిగట్లకు గండ్లు పడి, ఊళ్ళు మునిగినప్పుడు, రాత్రులు గట్లపై ఇసుక బస్తాలు మోసినవారి పేర్లు ఎవరు వ్రాసికొనిరి? సుమారు పది లక్షల యెకరములకు నీరు పోవుచున్నదనగా, ప్రతి లాకు దగ్గఱను, ప్రతి తూము దగ్గఱను ఒక లస్కరు మేలుకొనియుండవలెను. కాలువ కట్టివేసిన వేసవిలో పూడిక తీయవలెను, గుఱ్ఱపుడెక్క లాగివేయవలెను, నీరు వదలకముందే బోదెలు చెక్కుకొనవలెను. ఇవి బిరుదులులేని పనులు. ఇవి మానినచో కాటన్ ఘనత శివారు చేనికి చేరదు. అది మొదటి తూము దగ్గఱనే ఆగిపోవును.

మీరు గ్రామపెద్దలు. మీ మాటకు విలువ కలదు. కావున ఒక చిన్న మనవి. కాలువ వదలిన మొదటి వారమున పొలమునకు పోవునప్పుడు, మీ చేను చూచుకొనకముందు, ఒక్కసారి బోదె చివఱ వఱకు నడచి, కడపటి మడికి నీరు చేరినదా యని చూడుడు. బోదె పని పెట్టినప్పుడు పార మొదట మీరు పట్టుడు. పడుచువాండ్రకు కాపలా అప్పగించినప్పుడు, “తప్పుచేసిన జరిమానా” అని మాత్రము చెప్పక, ఆ నీటికి కడపట ఎవరు ఎదురుచూచుచున్నారో పేరుపెట్టి చెప్పుడు. ఆ మాట నాకు నాడు ఎవరైన చెప్పియుండిరేని, నాకు నిద్ర పట్టియుండదని నమ్ముచున్నాను.

ఆ ముసలమ్మ నేడు లేదు. ఆమె చేను ఇప్పుడు మనుమని చేతిలో నున్నది. ఆ యేడు ఆమెకు నష్టమైన ధాన్యము కొలిచియిచ్చితినిగాని, నా మనస్సులోని లెక్క తీరలేదు. తరువాతి యేండ్లలో దాళ్వా వంతులు వచ్చినప్పుడెల్ల శివారు కాపలా నేనే అడిగి తీసికొంటిని. చీకటిలో బోదెగట్టు మీద కూర్చుండి నీటి చప్పుడు వినుచుండగా, ఇది చిన్నపని యని నాకు మఱల ఎన్నడును తోచలేదు.